ఆళ్లగడ్డ మిద్దెకు అంగారకుడి లోహం

రష్యావాళ్లు ఆకాశంలోకి ఉపగ్రహాన్ని పంపిన మరుసటి ఏడు నేను నంద్యాలలో బడిపంతులుగా ఉండేవాణ్ని. ఆదివారం పొద్దున్నే బస్సెక్కి ఆళ్లగడ్డ వెళ్లి, అక్కడి చిన్న సంఘానికి వాక్యం చెప్పేవాణ్ని. ప్రార్థన మందిరం మట్టిమిద్దె. కురవకుండా ఏటా వానలకు ముందు పైన కొత్తగా చవుడు మన్ను పరిచేవాళ్లు. పరిచీ పరిచీ ఆ బరువుకు నడిమి దూలం వంగిపోయింది. కింద ఒక గుంజను ఊతగా నిలబెట్టారు. ఆ గుంజ పక్కనే ఒక అవ్వ కూర్చునేది. మోకాళ్ల నొప్పికి కాళ్లు చాపుకోవడానికి ఆమెకు అక్కడే వీలు.

ఒక ఆదివారం దేవుని సృష్టి ఎంత విశాలమో చెప్పబోయి, పత్రికలో చదివిన సంగతి కలిపాను. బెరీలియం అనే లోహం ఒకటుంది, అల్యూమినియం కంటే తేలిక, ఇనుముకు తీసిపోదు, భూమ్మీద అరుదు, అంగారక గ్రహంలో ఎంత దాచి ఉంచాడో ఆయనకే తెలుసు అన్నాను.

చివర్లో ప్రార్థన అంశాలు అడిగితే సంఘపెద్ద లేచాడు.

"దూలానికి ఆ లోహం కావల్లని రాసుకో అయ్యవారూ."

వేళాకోళమేమో అని చూశాను. చేతులు జోడించి ఉన్నాడు. సముద్రాన్ని చీల్చినవాడికి అసాధ్యమేముందని ఎన్నోసార్లు చెప్పినవాణ్ని నేనే. రాసుకున్నాను.

మా సంఘంలో ఒక కట్టుబాటు ఉండేది. ప్రార్థనలో పెట్టినదాన్ని జవాబు వచ్చేదాకా మరో దారిలో వెతుక్కోకూడదు. అది అవిశ్వాసం. దాంతో, వంగినదాని బదులు వేపదూలం తేవాలని అంతకుముందు అనుకున్న మాట ఆగిపోయింది. ప్రార్థన మాత్రం వారం వారం పెరిగింది.

"డోన్‌లో రైలుబండి మారేటప్పుడు ఆడ్నే దించెయ్యకుండా చూడు తండ్రీ," అని ఒకాయన.

"నంద్యాల టేసన్ నుంచి నా జోడెద్దుల బండి ఉండాది తండ్రీ," అని ఇంకొకాయన.

"తేలికది గదప్పా, ఒంటెద్దు చాలు," అని పక్కాయన కళ్లు మూసుకునే సరిచేశాడు.

ఆకాశం నుంచి డోన్ దాకా ఎట్లా వస్తుందని ఎవరూ అడగలేదు. అది దేవుని పని.

వానలు మొదలయ్యాయి. దూలం కిర్రుమనేది. పాట మధ్యలో అవ్వ తలమీద మన్ను రాలుతుంటే నాకు వాక్యం సాగలేదు. వేరే దూలం తెద్దామంటే నేను నేర్పిన విశ్వాసాన్ని నేనే కాదన్నట్టు.

"కొంచెం జరిగి కూర్చో అవ్వా," అన్నాను.

"యాడికి జరగల్ల? లోహం వస్తాంది గదా," అంది. దెప్పిందో, నమ్మిందో. మళ్లీ తనే అడిగింది. "ఆ గ్రహంలో ఎవురన్నా కాపురముండారా నాయనా?"

"తెలీదవ్వా."

"తెలీకుండానే అడుగుతాండామా? ఉంటే వాళ్ల మిద్దెకు దూలం వద్దా? పొరుగోనిది ఆశించొద్దని మాతో బట్టీ పట్టిస్తిరి గదా!"



"పొరుగోడంటే అంత దూరముంటాడా?" అన్నాడు సంఘపెద్ద.

"ఇంత దూరమని యాడన్నా రాసిండాదా?"

బైబిల్లో పదో ఆజ్ఞ తీసి పైకి చదివాను. దూరం లెక్క లేదు. ఆ ప్రశ్న అవ్వతో దేవుడే అడిగించాడని ఇప్పటికీ నమ్ముతాను. అందరం మోకరించి, ఆ గ్రహంవాళ్లను క్షమాపణ అడిగి, అంశాన్ని వెనక్కి తీసుకున్నాం.

మంగళవారం వేపదూలం వచ్చింది. మిద్దెమీది మన్ను తోడేశాక, ఆరుగురు భుజాలు పట్టారు. సంఘపెద్దకు నడుము పట్టుకుంది.

"అదే ఆ లోహమయ్యింటే ఒంటిచేత్తో..."

"ఆశించొద్దు పెద్దాయనా!" అని మిగతా ఐదుగురూ ఒక్కసారే అరిచారు.

నాలుక కరుచుకుని, ఎత్తాడు.