‘య’ సొరుగులో దొరికిన రచయిత్రి

నేను రాజమండ్రిలో బి.ఎడ్. చదువుతుండగా ఉప్పాడలో మా వంటగది గోడ సముద్రంలో పడిపోయింది. నాన్న ఫోన్ చేసి, “ఎవరికీ ఏం కాలేదమ్మా, నువ్వు రాకు, పరీక్షలు చూసుకో” అన్నారు. చేపల వేటకి వెళ్ళే మనిషి, సముద్రం గురించి అంతకంటే ఎక్కువ ఎప్పుడూ మాట్లాడరు. నా చిన్నప్పటి ఇల్లు మొత్తం పోయాక వెనక్కి జరిగి కట్టుకున్న ఇల్లు అది.

హాస్టల్లో కూర్చోలేకపోయాను. సముద్రం మింగేసిన ఊళ్ళ కథలేమైనా ఉన్నాయా అని ఫోన్‌లో వెతికితే మా ఊరి అలల వీడియోలే వచ్చాయి. లేచి లైబ్రరీకి వెళ్ళాను.

రిఫరెన్స్ విభాగంలో ఉండే మేడం ధవళేశ్వరం నుంచి రోజూ బస్సులో వచ్చేవారు. అంతవరకు ఆవిడతో ఒక్కసారి కూడా మాట్లాడలేదు.

“మేడం, ఊరిని సముద్రం తినేస్తే, ఆ ఊరివాళ్ళెవరైనా పుస్తకం రాశారాండి? ఏ దేశమైనా పర్లేదండి.”

ఎందుకని అడగలేదు ఆవిడ. “మీది ఏ ఊరమ్మా?” అన్నారు. చెప్పాను. లోపలికి వెళ్ళి ప్రపంచ రచయితల పరిచయ గ్రంథం తాలూకు మొదటి రెండు సంపుటాలు మోసుకొచ్చారు. అంతా ఇంగ్లీషు, చీమల్లాంటి అక్షరాలు. ఇంటికి ఇవ్వని పుస్తకాలు.

“ఇందులో విషయాల పట్టిక లేదమ్మా, పేర్లే ఉంటాయి. కానీ ఒక్కొక్కరిదీ పుట్టిన ఊరు, తల్లిదండ్రులు చేసిన పని రాస్తారు. ఆ రెండు లైన్లూ చూసుకుంటూ వెళ్ళు. చేపలు పట్టేవాళ్ళ పిల్లలు కనబడితే చీటీ పెట్టు.”

“అన్ని సంపుటాలూనా అండి?”

“ఇద్దరం ఉన్నాం కదా.”

ఆవిడ చివరి సంపుటం నుంచి వెనక్కి, నేను మొదటి దాన్నుంచి ముందుకి మొదలుపెట్టాం. క్లాసులయ్యాక రోజూ వెళ్ళేదాన్ని. పక్కన నిఘంటువు పెట్టుకుని చదివేదాన్ని. వకీళ్ళ కొడుకులు, పాస్టర్ల కూతుళ్ళు, భూస్వాముల పిల్లలు పేజీలకి పేజీలు వచ్చేవారు. మధ్యలో ఎక్కడో వలలు అల్లే ఇంట్లో పుట్టిన కవి ఒకాయన, చేపలకి ఉప్పు పట్టించే తల్లి పెంచిన నవలాకారుడు ఒకాయన తగిలారు. మా అమ్మ చేసే పని ఒక మహా రచయిత జీవిత చరిత్రలో అచ్చయి ఉండటం చూసి ఆ పేజీ మీద చెయ్యి పెట్టుకుని కూర్చుండిపోయాను. ఎవరో ముక్కూమొహం తెలియని పండితులు ఆ తల్లి ఏం పని చేసేదో కనుక్కుని, రాసి ఉంచాలనుకున్నారు. వాళ్ళకి మనసులోనే దణ్ణం పెట్టుకున్నాను.

మూడో వారంలో మేడం పిలిచారు. ఆవిడ వేలి కింద అర కాలమ్ పరిచయం ఉంది. చలిదేశపు దీవిలో పుట్టిన రచయిత్రి. తండ్రి జాలరి. తీరం కోసుకుపోయి ఊరంతా ఖాళీ అయిందట, ఆవిడ కథలన్నీ ఆ ఊరి గురించేనట.

ఆవిడ పుస్తకాలు లైబ్రరీలో లేవు. ఆవిడ పేరు ఇంగ్లీషులో ‘J’తో మొదలవుతుంది కాబట్టి, తెలుగు అనువాదాలకి రచయితల పేర్లతో ఉంచిన కార్డుల్లో ‘జ’ సొరుగంతా చూశాం, అక్కడా లేదు. నేను ఆశ వదులుకుని సంచి తీసుకున్నాను. మేడం మాత్రం ఆ పేరును నాలుగైదు రకాలుగా పలుకుతూ నిలబడ్డారు.

“వాళ్ళ భాషలో ఈ అక్షరాన్ని మనలా ‘జ’ అనరేమో. తెలుగు చేసినాయనకి ఆ సంగతి తెలిసుంటే...” అంటూ ‘య’ సొరుగు లాగారు.

ఉంది. పాత అనువాద కథల సంకలనం, అందులో ఆవిడది ఒకే ఒక్క కథ. ఆ పుస్తకం నాకు ఇచ్చే ముందు మేడం ఒక కొత్త కార్డు తీసుకుని, ‘య’లో చూడండి అని రాసి ‘జ’ సొరుగులో పెట్టారు. “నీ తర్వాత ఇంకెవరైనా వస్తే వెతుక్కోనక్కర్లేదు” అన్నారు.

ఆ శనివారం ఊరెళ్ళాను. పడిపోయిన గోడ స్థానంలో టార్పాలిన్ కట్టి ఉంది. అమ్మ చేపలు తోముతుంటే పక్కన కూర్చుని కథ చదివాను. ఇల్లు విడిచే రోజున ఆ కథలో తల్లి గడప శుభ్రంగా కడిగి, తుడిచి, తాళం వేస్తుంది.

“కడిగే ఉంటుందిలే. మీ నాయనమ్మ కూడా పాతింటికి ముగ్గేసే వచ్చింది” అంది అమ్మ.

ఆ సంగతి అంతవరకు నాకెవరూ చెప్పలేదు. నాయనమ్మ గురించి ఇంకా అడిగాను. చేపలన్నీ అయిపోయేదాకా అమ్మ చెబుతూనే ఉంది.

తర్వాత ఆ ఇల్లు కూడా వదిలేసి, ఊళ్ళోనే ఇంకాస్త వెనక్కి జరిగాం. నేను కొవ్వూరులో టీచరునయ్యాను. మేడం రిటైరయ్యాక ఒకసారి, చీర కొనుక్కోవడానికి ఉప్పాడ వచ్చి మా ఇంట్లో భోంచేశారు.

“ఆ కథ వెతికిపెట్టింది మీరేనంట కదండీ” అంది అమ్మ పులుసు వడ్డిస్తూ.

“సగం పుస్తకాలు మీ అమ్మాయే చూసిందండి” అన్నారు మేడం.