వంతెన మీద ఆరు బస్సులు

నా చిన్నప్పుడు ఎండలు ముదిరాయంటే మా తగరపువలస పక్కనున్న గోస్తనీ నదిలో ఇసుక తప్ప ఇంకేమీ కనిపించేది కాదు. గోదావరి ఒడ్డున పుట్టి పెరిగిన మా అమ్మ దాన్ని నది అనడానికి ససేమిరా ఒప్పుకునేది కాదు. కానీ ఆ ఇసుకలోనే మోకాటిలోతు గొయ్యి తవ్వితే తియ్యటి నీళ్ళు ఊరేవి. ఆ గొయ్యినే చెలమ అంటారు. వేసవంతా మా వీధి తాగింది ఆ నీళ్ళే.

ఆ ఏడు అమ్మకి నెలలు నిండుతున్నాయి. ఇంట్లో బోరు నీళ్ళు ఉప్పగా ఉండి, తాగిన గుక్క తాగినట్టే కక్కేసేది. నీళ్ళు బాగా తాగకపోతే కడుపులో బిడ్డకి కష్టమని నర్సమ్మ గట్టిగా చెప్పి వెళ్ళింది. నాన్న ఉక్కు ఫ్యాక్టరీలో పనిచేస్తూ గాజువాకలోనే గది తీసుకుని, వారానికోసారి వచ్చేవాడు. రోజూ చెలమకి వెళ్ళే అమ్మ ఇక వంగలేకపోయింది. దాంతో తొమ్మిదేళ్ళ నేను బిందె చంకనెత్తుకుని, కొబ్బరి చిప్ప పట్టుకుని, పెద్ద ఆరిందాలా బయల్దేరాను.

ఇసుక తోడితే సరిపోతుందనుకున్నాను. చెమ్మ తగిలి నీరు కనిపించగానే చిప్పతో గోకేశాను. బురద వచ్చింది. ఇంకా లోతుకి తవ్వితే అంచు విరిగి లోపల పడింది. దాన్ని వదిలేసి రెండోది, ఆపైన మూడోది. అన్నింటిలోనూ బురదే. ఎండ ఎక్కుతోంది, బిందె ఖాళీగా ఉంది, ఇంట్లో అమ్మ నోరెండిపోయి నా కోసం చూస్తూ ఉంటుంది. అక్కడే కూలబడి ఏడ్చాను.

పక్కింటి మామ్మ గట్టు మీంచి నన్ను చూసింది. తెల్లారకముందే భీమిలి నుంచి చేపలు తెచ్చుకుని, వంతెన అవతలి ఊళ్ళలో తిరిగి అమ్ముకునే మనిషి. నెత్తిన గంపతో బస్సుకి వెళ్తున్నదల్లా ఏట్లోకి దిగివచ్చింది. నా చేత కొత్త చోట గొయ్యి తవ్వించి, అంచులు ఏటవాలుగా ఎలా తియ్యాలో చూపించి, మొదట ఊరిన బురదనీళ్ళు పారబోయించింది. నేను మళ్ళీ చిప్ప ముంచబోతే చెయ్యి పట్టుకుంది.

"సెలమకేసి అలా కళ్ళప్పగించి సూత్తే ఊరదే. అటు తిరిగి కూకో. ఒంతెన మీద ఆరు బస్సులెల్లాక తోడుకుందువు గాని."

నేను నిజమే అనుకున్నాను. చెలమకి వీపు పెట్టి కూర్చున్నాను. మామ్మ కూడా గంప దించి, దాని మీద గోనెపట్టా సర్ది నా పక్కనే కూర్చుంది. తొందరగా అయిపోవాలని నేను లారీలు కూడా కలిపేస్తుంటే ఒప్పుకోలేదు. ఒకటి, రెండు. మూడో బస్సు వంతెనెక్కినప్పుడు మామ్మ చెయ్యి ఒక్కసారి గంప అంచు మీదికి వెళ్ళి ఆగింది. "మూడు" అంది, మామూలుగా.

ఆరో బస్సు వెళ్ళాక తిరిగి చూస్తే చెలమలో నీళ్ళు అడుగు ఇసుక రేణువులు లెక్కపెట్టుకునేంత తేటగా ఉన్నాయి. అమ్మ ఆ నీళ్ళు రెండు గ్లాసులు తాగింది. కక్కలేదు. నా తల నిమిరి, పోనీలే, మీదీ నదేలే అంది.

సాయంత్రం మామ్మ వాకిట్లో చాప మీద చేపలు కోసి ఉప్పు పట్టించి ఆరబెట్టి ఉన్నాయి. ఆ ఊళ్ళకి పొద్దుట వెళ్ళే ఒక్క బస్సూ దాటిపోయిందని, ఎండలో నడిచి వెళ్ళేసరికి చేపలు మెత్తబడి సగం ఎవరూ కొనలేదని ఆవిడ కోడలు విసుక్కుంటోంది. ఏ బస్సో నాకు తెలిసిపోయింది. ఏడుపొచ్చింది. మామ్మ దగ్గరికి వెళ్ళి నిలబడ్డాను.

"బస్సు రేపూ వత్తాది. నీకు సెలమ తియ్యడం వచ్చీసింది కదా" అంది, చేపలు తిరగేస్తూ.

చెలమని చూడకూడదన్నది ఉత్తదేనని తరవాత తెలిసింది. నా తొందర చేతులు ఆపడానికి చెప్పిన మాట అది. మామ్మ పోయి చాలా ఏళ్ళయింది. తనని నేను ఎంత ప్రేమించానో ఎప్పుడూ చెప్పలేదు.

మొన్న నా కూతురు మొదటిసారి జడ తనే వేసుకుంటానని అద్దం ముందు కూర్చుంది. పాయలు చిక్కుపడుతున్నాయి, విప్పుతోంది, మళ్ళీ మొదలుపెడుతోంది. నేను ఆఫీసుకి వెళ్ళాలి. లాక్కుని రెండు నిమిషాల్లో వేసేద్దామని చెయ్యి చాపి, ఆగిపోయాను. దానికి వీపు పెట్టి కిటికీ దగ్గర కూర్చున్నాను. వీధి చివర నా బస్సు వచ్చింది, ఆగింది, వెళ్ళిపోయింది.

ఒకటి, అనుకున్నాను.