ఊపిరి లెక్కపెడుతూ ఉద్యోగం ఊడగొట్టుకున్నాను

ఉద్యోగం పోవాలంటే జనం పని ఎగ్గొడతారు, అబద్ధాలాడతారు, బాసు మీద అరుస్తారు. నేను వెన్ను నిటారుగా పెట్టి, కళ్ళు మూసుకుని, చిరునవ్వుతో పోగొట్టుకున్నాను. చెబుతాను, మీరు నవ్వుకోండి. నాకైతే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

దేశం కాని దేశంలో, వాటర్లూ అనే ఊళ్ళో, ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో శ్రీధర్, నేను టెస్టర్లం. శ్రీధర్ ఆఫీసులో ప్రతిదానికీ గొడవపడేవాడు. నేనూ పడేవాణ్ణి, కాకపోతే ఇంటికొచ్చాక, నా భార్య సుజాతతో. ఇలాగైతే లాభం లేదని ఫోన్‌లో ధ్యానం యాప్ పెట్టుకున్నాను. నాలుగు లెక్కపెడుతూ ఊపిరి పీల్చు, ఆరు లెక్కపెడుతూ వదులు. సమస్య అనకు, అవకాశం అను. మూడు వారాల్లో గడ్డం లేని ఋషినైపోయాను. మా మేనేజర్ ప్రసాద్ గారు శుక్రవారం సాయంత్రం పని అంటగడితే, అవకాశం దొరికిందని శనివారమంతా చేసిపెట్టేవాణ్ణి.

సుజాత కరీంనగర్ మనిషి, ఊరుకోలేదు.

"మెత్తగుంటే మొత్తబుద్ధైతది. ఒక్కసారన్న గట్టిగ అడుగరాదు?"

"కోపం అజ్ఞానం, సుజాతా."

"సెలవు అడుగుడు గూడ అజ్ఞానమేనా?"

ఒకరోజు ప్రసాద్ గారు నన్ను గదిలోకి పిలిచారు.

"టీమ్‌లో ఒకరిని తీసెయ్యమన్నారు మురళీ. నువ్వో, శ్రీధరో. ఏం చెయ్యాలో తోచట్లేదయ్యా."

నా వర్క్ పర్మిట్ ఆ కంపెనీ పేరు మీదే ఉంది. ఇక్కడే స్థిరపడే హక్కు కోసం పెట్టుకున్న పీఆర్ అప్లికేషన్ సగంలో ఉంది. ఉద్యోగం పోతే ఈ దేశంలో ఉంటామో లేదో తెలియదు. బుర్ర ఉన్నవాడెవడైనా ఆ ముక్క చెప్పి కాళ్ళావేళ్ళా పడతాడు. నేను కళ్ళు మూశాను. నాలుగు. ఆరు.

"ఏమయ్యా, ఒంట్లో బాలేదా?"

"బ్రహ్మాండంగా ఉంది సార్. ఏది జరిగినా మన మంచికే."

"మరి నీ పీఆర్?"

"అదీ ఒక అవకాశమే సార్."

ఆయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి. లేచొచ్చి నా చేయి పట్టుకున్నారు. నా నిగ్రహానికి మెచ్చి శ్రీధర్‌నే తీసేస్తారని తీర్మానించుకుని, దారిలో జిలేబీ కొనుక్కుని మరీ ఇంటికి వెళ్ళాను.

సోమవారం లెటర్ నా చేతికొచ్చింది.

"నేనే ఎందుకు సార్?"

"శ్రీధర్‌ని అడిగితే బల్ల గుద్ది అరిచాడయ్యా. వాడికి చెప్పే ధైర్యం నాకు లేదు. నువ్వయితే అర్థం చేసుకుంటావు కదా."

నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందంటారు. నా నోరు మంచిదయ్యేసరికి ఊరే పొమ్మంది. సుజాత తిట్టలేదు. లెటర్ రెండుసార్లు చదివి, పర్మిట్ కాగితాలు ముందేసుకుని కూర్చుంది. తిట్టినా బాగుండేది. ఆ పీఆర్ చేతికి రావడానికి ఇంకో మూడేళ్ళు, రెండు ఊళ్ళు పట్టాయి.

ఆఖరి రోజు ప్రసాద్ గారు నా సీటు దగ్గరికొచ్చారు.

"ఒక్క సాయం చెయ్యవయ్యా. నీకిలా అయిందని టీమంతా బెదిరిపోయారు. మీటింగ్ రూమ్ బుక్ చేశాను. ఆ ఊపిరి పద్ధతేదో వాళ్ళకి ఒక గంట నేర్పి వెళ్ళు."

అప్పుడైనా అరవాల్సింది. నేర్పాను. అదీ గంటన్నర. అందరూ కళ్ళు మూసుకుని చక్కగా నేర్చుకున్నారు. శ్రీధర్ ఒక్కడే రాలేదు, పనుందన్నాడు.

కాబట్టి పాఠక మహాశయులారా, మీ సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట ఏ మేనేజర్ ముందూ ఊపిరి ఊరికే వదలను. అరవడానికే వాడతాను.