మూత బిగించని సీసా

మా జువాలజీ మేడంగారు పోయారు. "సీసాల మేడంగారు పోయారండీ, నిన్ననే దహనం కూడా అయిపోయింది" అని జగ్గయ్యపేట బస్సు కండక్టరు చెబితే తెలిసింది. అదే బస్సెక్కి వెళ్ళాను. ఆవిడ గది కిటికీలో సీసాలన్నీ కడిగి బోర్లించి ఉన్నాయి. తళతళలాడుతున్న ఆ గాజు చూసి నాకు ఒళ్ళు మండిపోయింది.

చావు జరిగిన ఇంట్లో నిలవ నీళ్ళు పారబోయడం ఆచారం. బిందెల్లో నీళ్ళతోపాటు ఈ సీసాల్లోవీ పారబోశారు. ఆవిడ ఇన్నేళ్ళ కష్టం వాటిలోనే ఉంది.

ఆ నీళ్ళలో ఆవిడ పెంచింది పారమీషియాలను, కంటికి ఆనని నీటి జీవులను. పారమీషియం అంటే పుస్తకంలో చెప్పు అడుగులాంటి ఒక బొమ్మ. ప్రపంచమంతటికీ ఆ ఒక్క బొమ్మే వేసి ఊరుకున్నారని ఆవిడకు కోపం. నందిగామ నుంచి కాలేజీకి వచ్చే నాచేత మున్నేటి నీళ్ళు తెప్పించేవారు. ముక్త్యాల దగ్గర కృష్ణ ఒడ్డు మడుగు నీళ్ళు తానే తెచ్చుకునేవారు. వరిగడ్డి ఉడకబెట్టి, చల్లార్చిన ఆ నీళ్ళు పోసి వాటిని పెంచేవారు. మున్నేటి సీసాలు రెండు కలిపితే లోపలి జీవులు జతకట్టేవి. మున్నేటివీ ముక్త్యాలవీ కలిపితే మాత్రం పక్కపక్కనే తిరిగేవి, జతకట్టేవి కావు.

"చూశావా, మొహాలొకటే, వంశాలు వేరు. ఈ రెండూళ్ళ మధ్యే ఇంత తేడా ఉంటే లోకంలో ఇంకెన్ని రకాలున్నాయో!" అంటూ మైక్రోస్కోపు నాకు వదిలేసేవారు. నాకు చూడ్డం నేర్పింది ఆవిడే.

కాశీ వెళ్ళొచ్చిన పక్కింటావిడను గంగాజలం నాలుగు చుక్కలు అడిగి తిట్లు తిన్నారు. స్టాఫ్ రూములో ఆవిడను "మురుగునీళ్ళ మేడం" అని నవ్వినవాళ్ళే సంతాప సభలో మహా శాస్త్రవేత్త అన్నారట. సిగ్గుండాలి.

"నీళ్ళే కదమ్మాయ్, మళ్ళీ పట్టుకోవచ్చుగా" అన్నారు ఆవిడ అన్నగారు.

"ఎక్కడ పట్టుకోమంటారండీ? ఆ ముక్త్యాల మడుగు మట్టి పోసి పూడ్చేసి ఏళ్ళయింది. ఆ వంశం ఈ సీసాల్లోనే మిగిలింది!"

దొడ్లో తూము దగ్గర పారబోసిన నీరు ఇంకా కాస్త నిలిచి ఉంది. ఒక సీసా తీసుకెళ్ళి చేత్తోనే ఎత్తి పోసుకున్నాను.

"మైల నీళ్ళు ఇంటికి పట్టుకెళ్తావా?" అని అన్నగారు వెనక నుంచి కేకేశారు.

"పట్టుకెళ్తానండీ" అన్నాను.

ఇప్పుడది మా వంటింటి గూట్లో ఉంది. గడ్డినీళ్ళు పోస్తున్నాను. రోజూ ఒక చుక్క నేను పాఠాలు చెప్పే స్కూలుకి తీసుకెళ్ళి మైక్రోస్కోపు కింద పెడుతున్నాను. ఇంతవరకు ఏదీ కదల్లేదు. నా కోపమూ తగ్గలేదు. "మూత బిగించకు, వాటికీ ఊపిరాడాలి" అని ఆవిడ కసురుకునేవారు. అందుకే మూత వదులుగానే ఉంచాను.