ప్లాస్టిక్ కవరు తీయని కుర్చీలు

ఆ దవాఖాన పేరు రాయను. రాయకపోయినా మా వైపు వాళ్లు ఊరుకోరు. గద్వాల వాళ్లు వనపర్తిది అంటారు, వనపర్తి వాళ్లు నాగర్‌కర్నూల్‌ది అంటారు, నాగర్‌కర్నూల్ వాళ్లు ఇలాంటివి గద్వాలలోనే జరుగుతాయంటారు. ఎక్కడిదైతేనేం, అక్కడ నన్ను అన్న మాటల్లో ఒక్కటీ మరిచిపోలేదు. మరవాలని కూడా లేదు.

నా కూతురికి మొదటి కాన్పు. నెలలు నిండకముందే నొప్పులొస్తే ఆపరేషన్ చేసి పాపను తీశారు. నా రెండు అరచేతుల్లో పట్టేంత పిల్ల. కొన్నాళ్లు గాజుపెట్టెల గదిలో ఉంచి, ఊపిరి బాగానే తీసుకుంటోందని మా వార్డుకు ఇచ్చారు. ఇచ్చేముందు పిల్లల డాక్టరమ్మ మా ఇద్దరినీ కూర్చోబెట్టి ఓపిగ్గా చెప్పింది. బరువు తక్కువ పిల్లలను దుప్పట్లలో చుట్టి పక్కన పడుకోబెట్టడం కంటే, చర్మానికి చర్మం తగిలేలా ఛాతీ మీద పెట్టుకుంటే ఎక్కువమంది బతుకుతున్నారని చాలా దేశాల్లో పరీక్షించి తేల్చారట. అలాగే చేయాలని పైనుంచి ఆదేశాలూ వచ్చాయట. తల్లికి చేతకాకపోతే తండ్రి, అమ్మమ్మ, ఎవరైనా చేయొచ్చట. అందుకోసం వెనక్కి వాలే కుర్చీలు కూడా వచ్చాయని చెప్పింది. మరునాడే ఆమెకు వేరే ఊళ్లో డ్యూటీ వేశారు. ఆమెతో పాటు ఆ మాట కూడా వార్డు దాటి వెళ్లిపోయింది. గోడ మీద పెద్ద బొమ్మ మాత్రం మిగిలింది: ఛాతీ మీద పాపతో తల్లి, పక్కన చొక్కా విప్పి ఇంకో పాపను పెట్టుకున్న తండ్రి.

ఆ రోజే నా కూతురికి జ్వరం పట్టుకుంది. కుట్లు సలుపుతున్నాయి, ఒళ్లంతా వణుకు. పాపను ఎత్తుకునే ఓపిక లేదు.

"అమ్మా, పాప కాళ్లు పట్టి సూడు. సల్లగైనయి," అంది.

పట్టి చూశాను. నిజమే. దుప్పటి మీద దుప్పటి చుట్టాం. లోపల వేడి లేనప్పుడు పైన ఎన్ని చుడితే ఏం లాభం? పోయి హెడ్ నర్సును కుర్చీ అడిగాను.

"ఏం కుర్చీ?"

"ఎనక్కి వాలేది. పాపను ఛాతీ మీద పెట్టుకొని కూసుంట."

ఆమె పక్కనున్న నర్సు వైపు చూసి నవ్వింది. "ఓ అవ్వా, నీకేమన్న పాలొస్తయా? నీ రొమ్ము మీద ఆ పోరి ఏం జేస్తది?"

వార్డంతా నవ్వింది. మొదటి మంచం మీద కూర్చున్నావిడ అందరికంటే గట్టిగా నవ్వింది. ఎదురైతే ఆమె ముఖం ఇప్పటికీ గుర్తుపడతాను.

"పాలకు గాదు, ఎచ్చదనానికి. గోడ మీద మీరే పెట్టుకున్నరు గద."

"గోడ మీద శానా పెడతరు. నీ మీద మిరపకాయల వాసనొస్తుంది. పోరికి ఘాటెక్కితే నీదా పూచీ, నాదా?"

మాది మానవపాడు దగ్గర ఊరు. కల్లంలో ఆరబోసిన మిర్చిని మరిది మీద వదిలేసి వచ్చాను. వాసన మాట నిజమే. అది అడ్డం కాకూడదని తలస్నానం చేసి, చేతులు మోచేతుల దాకా సబ్బుతో తోమి, కూతురి చీర కట్టుకొని మళ్లీ పోయి నిలబడ్డాను. అప్పుడు అసలు సంగతి బయటపడింది.

"కుర్చీలు స్టోరుల ఉన్నయి. కొత్తయి. ఇరిగితే నా జీతంల కోస్తరు. ఇయ్య."

అక్కడి పద్ధతే అది. వస్తువు రాగానే దాని మీద పెయింటుతో నంబరు వేస్తారు, గదిలో పెడతారు, తాళం వేస్తారు. వాడితే పాడవుతుంది, పాడైతే జవాబు చెప్పాలి. వాడకపోతే అడిగేవాడు లేడు. పిల్లలు చల్లబడితే ఎవరి జీతంలోనూ కోత లేదు. ఎక్కడెక్కడో ఎందరో తల్లులు తమ పిల్లలను పరీక్షకు ఒప్పుకుంటే, ఎందరో డాక్టర్లు ఏళ్ల తరబడి కూర్చొని చూస్తే తేలిన సంగతి ఢిల్లీ దాటి, హైదరాబాదు దాటి మా దాకా వచ్చింది. వచ్చి స్టోరు తలుపు దగ్గర ఆగిపోయింది.

గోడకు ఆనుకొని, ఆ బొమ్మ కిందే నేల మీద కూర్చున్నాను. రవిక గుండీలు తీసి పాపను ఛాతీకి ఆనించి, పాత చీరముక్కతో ఇద్దరినీ కలిపి కట్టించుకున్నాను.

"కింద కూసోవద్దు, ఇన్ఫెక్షన్ వస్తది," అంది హెడ్ నర్సు.

"అయితే కుర్చీ ఇయ్యి."

"అమ్మా, ఊకోవే. అందరు సూస్తుండ్రు," అంది కూతురు, దుప్పట్లోంచే.

"సూడనియ్యి. నేర్సుకుంటరు."

సాయంత్రానికి నా నడుము కొయ్యబారింది. పాప కాళ్లు మాత్రం వెచ్చబడ్డాయి. నా కూతురు చెయ్యి చాపి ఆ కాళ్లు పట్టుకొని అలాగే నిద్రపోయింది.

మర్నాడు పొద్దున వార్డంతా ఫినాయిల్ వాసన. పెద్ద సారు చూడటానికి వస్తున్నాడట. స్టోరు తాళం తీశారు. కుర్చీలు వరసగా బయటికి వచ్చాయి, ఒక్కదానికీ ప్లాస్టిక్ కవరు తీయలేదు. హెడ్ నర్సు నా దగ్గరికి వచ్చి, "అమ్మమ్మా, జర దీంట్ల వచ్చి కూసో. పాపను గట్లనే పట్టుకో," అంది.

"నిన్న అవ్వను. ఇయ్యాల అమ్మమ్మనైతినా?"

"జర సాయం జెయ్యమ్మా."

కూర్చున్నాను, పాప కోసం. సారు వచ్చి నన్ను ఒక మాట కూడా అడగకుండా ఫోటో తీయించి, "వెరీ గుడ్ సిస్టర్, ఇట్లనే నడిపించండి," అన్నాడు.

"సార్, ఈ కుర్చీలు ఇప్పుడే..." అన్నాను. సారు అప్పటికే పక్క గదిలో ఉన్నాడు.

కారు గేటు దాటగానే కుర్చీలు మళ్లీ స్టోరులోకి పోవడం మొదలైంది.

"ఇగ లే, అవ్వా."

"లేవను."

"కదులుతుంటే కవరు చినుగుతది!"

ఆ మాట వినే దాకా నాకు ఆలోచన రాలేదు. ఒక చెయ్యి పాప వీపు మీద ఉంచి, రెండో చేత్తో కవరు పట్టి సీటు అంచు నుంచి చేతిపిడి దాకా పరపరా చింపేశాను. హెడ్ నర్సు నెత్తి పట్టుకుంది. "కొత్త కుర్చీని పాత కుర్చీ జేసినవు గదే!" అని అరిచింది. నాకు కావలసింది అదే. కవరు చిరిగినదాన్ని కొత్తదని చూపించలేరు, కాబట్టి దాచి లాభం లేదు. దాన్ని వార్డులో వదిలేశారు. మిగతా వాటిని లోపల పెట్టి తాళం వేసుకున్నారు. జ్వరం తగ్గాక నా కూతురు, ఆమె లేనప్పుడు నేను, ఇంటికి పంపే దాకా దాంట్లోనే కూర్చున్నాం. మొదటి మంచం ఆవిడ కోడలు కూడా అడిగి కూర్చుంది. ఆవిడ మాత్రం నా వైపు చూడలేదు.

తర్వాత పాప బరువు చూపించడానికి వెళ్లాం. పాప పెరిగింది. వార్డు గుమ్మం పక్కన కొత్త ఫ్లెక్సీ కట్టారు. దాని మీద మా ఫోటో: కుర్చీ ఉంది, పాప టోపీ ఉంది, నా తల కోసేశారు. లోపల అదే కుర్చీ మీద ఎవరిదో టిఫిన్ సంచి, దాని మీద మడత పెట్టిన స్వెటర్. కిటికీ దగ్గర ఒక పచ్చి బాలింత చిన్న పిల్లను దుప్పటిలో చుట్టుకొని మంచం అంచున ఒరిగి ఉంది.

సంచి తీసి నేల మీద పెట్టాను.

"ఎవరది? సంచి ముట్టుకున్నదెవరు?" అని లోపలి నుంచి హెడ్ నర్సు గొంతు.

"నేనే, అవ్వను," అని ఆ బాలింతను చెయ్యి పట్టి లేపాను.