వర్జ్యంలో దొరికిన చుక్క

వినుకొండలో పురోహితుడు రాధాకృష్ణమూర్తి గారి భార్య శ్యామలాంబకు ఆకాశం పిచ్చి పట్టిందని వీధంతా చెప్పుకునేది. చెప్పుకోరూ మరి? కూతురు వేదశ్రీ డెంగ్యూ జ్వరంతో పోయిన దగ్గర్నుంచీ ఆవిడకు వంట మీద ధ్యాస లేదు, పలకరిస్తే పలకదు. ఎప్పుడూ ఆ పిల్ల వాడిన లాప్‌టాప్ ముందేసుకుని కూర్చుంటుంది.

ఆ పని నేర్పింది వేదశ్రీయే. ఎక్కడో కొండ మీద టెలిస్కోపు ఆకాశంలో ఒకే ముక్కను కాసేపాగి కాసేపాగి ఫోటోలు తీస్తుంది. వాటిని ఇంటర్నెట్‌లో పెడతారు. వెంటవెంటనే తిప్పి చూడాలి. నక్షత్రాలు కదలవు. ఏదైనా చుక్క కదిలిందా, అది గ్రహశకలం కావచ్చు. కొత్తదని తేలితే, ముందు చెప్పినవాళ్లు ఎప్పటికో దానికి పేరు సూచించవచ్చు. "నాకు దొరికితే నీ పేరే పెడతానమ్మా" అని ఆటపట్టించేది వేదశ్రీ. ఇప్పుడా తల్లికి కావలసింది ఒక్కటే. పిల్ల పేరు ఎక్కడో ఒకచోట తిరుగుతూ ఉండాలి. ఊళ్లో ఆ పేరు పలికేవాళ్లే లేకుండా పోయారని ఆవిడ గుండె మండిపోతోంది.

మిరప కోతల రోజుల్లో ఒక ఉదయం దొరికింది. కళ్లంలో అరబోసిన కాయల మధ్య చీమ నడిచినట్టు, మసగ్గా, ఫోటో ఫోటోకీ జరుగుతోంది. శ్యామలాంబ అరుగు వైపు కేకేసింది.

"ఏమండీ, దొరికింది. పంపించేస్తున్నా."

గృహప్రవేశం చేయించడానికి వెళ్లాల్సిన రాధాకృష్ణమూర్తి, చెడు గడియలు పోనీ అని అరుగు మీదే కూర్చుని ఉన్నాడు. "ఆగు శ్యామలా. వర్జ్యం నడుస్తోంది. అది పోయాక పంపు."

"ఇదేమన్నా పెళ్లా, ముహూర్తం చూడ్డానికి?"

"పిల్ల పేరు పెట్టే పని. నా మాట విను."

పేరు పెట్టే పని అన్నాడు చూశారూ, అక్కడే పడిపోయింది ఆవిడ. బారసాల నాడు బియ్యంలో ఆ పేరు రాసింది ఆయనే మరి. మౌస్ మీద వేలు పెట్టుకుని, గోడ గడియారాన్ని తిట్టుకుంటూ కూర్చుంది. ఆయన తలూపగానే నొక్కింది.

సాయంత్రానికి జవాబొచ్చింది. ఇదే చుక్కను మీకంటే కాస్త ముందు వేరే దేశంవాళ్లు చెప్పారు, మీ శ్రమకు కృతజ్ఞతలు అని.

శ్యామలాంబ ఏడవలేదు. పంచాంగం తీసి ఆయన ముందుకు విసిరికొట్టింది.

"మీ వర్జ్యం మండిపోను. మీరు ఆగమనకపోతే నా బిడ్డ పేరు నిలిచేది. జన్మంతా ఇంతే మీరు, ప్రతిదానికీ ఆగడమే."

ఆయన పంచాంగం తీసుకున్నాడు గానీ కళ్లకద్దుకోలేదు.

"ఒక్కసారి ఆగలేదు శ్యామలా," అన్నాడు. "పిల్లను గుంటూరు తీసుకెళ్లిన రోజు. అంబులెన్సు వాకిట్లో ఉంది, అప్పుడే వర్జ్యం పట్టింది. నీతో చెప్పలేదు. ఎక్కించేశాను. అందుకే ఇవాళ ఆగమన్నాను."

శ్యామలాంబకు ఇక తిట్టడానికి కూడా మనిషి మిగల్లేదు.