ముసలి సేనాపతి దాటిన వాగు

నిన్న ఆదివారం మధ్యాహ్నం, మంగళగిరిలో అక్కవాళ్ళింట్లో, టీవీలో ఆ సినిమా మళ్ళీ వచ్చింది. ఏదో పాత ఇంగ్లీషు నవల ఆధారంగా తీసినది. మంత్రాలు, రాక్షసులు, మూడు గంటల పైచిలుకు నడక. లోకమంతా మెచ్చుకుంది. నాకు మాత్రం అది చూస్తే ముక్కులో ఎండుమిరప ఘాటు తగులుతుంది.

ఆ నవలను అక్క గుంటూరులో కాలేజీ చదివే రోజుల్లో చదివింది. సెలవులకు వచ్చి, దర్శి దగ్గర మా మిరప కల్లంలో, ఎండిన కాయల్లోంచి రంగుపోయిన తాలుకాయలు ఏరుతూ ఆ కథ తెలుగులో చెప్పేది. ఏరుడు పనికి నడుం పడిపోతుంది. కథ ఉంటే ఆ సంగతి కాస్త మరిచిపోతాం. మా కల్లానికొచ్చేసరికి ఆ రాక్షసులు గోంగూర కూడా మరిగారు. నాయనమ్మకు వాళ్ళెవరూ పట్టలేదు. అందరినీ దాటించడానికి నిప్పులవాగులో దిగిన ముసలి సేనాపతి ఒక్కడే కావాలి. ఇంట్లో తాతయ్య ఆయాసంతో మంచం పట్టి ఉన్నాడు. "ఆయన వాగు దాటితే మీ తాత లేచి కూర్చుంటాడే" అని ఒకరోజు మొక్కుకున్నట్టు అనేసింది. నవలలో సేనాపతి వాగులోనే పోతాడు. అక్క ఆ ముక్క మింగేసి, ఆయన్ని అవతలి ఒడ్డుకు చేర్చింది.

ఆ ఎండాకాలమే సినిమా తెలుగులో వచ్చింది. ముసలాయన్ని కళ్ళారా చూస్తానని నాయనమ్మ పట్టుబట్టింది. తాతయ్య దగ్గర పిన్నిని ఉంచి, కల్లంలో కట్టుకున్న బట్టలతోనే దర్శిలో మ్యాట్నీకి వెళ్ళాం. సేనాపతి వాగులో దిగాడు. అక్క ఉన్నట్టుండి తలకు చుట్టుకున్న, మిరప దుమ్ము పట్టిన తువ్వాలు విప్పి, ఫ్యాను కింద ఫటఫటా దులిపింది. హాలంతా తుమ్ములు, దగ్గులు, తిట్లు. "ఎవర్రా అది, కల్లం మోసుకొచ్చింది!" అని వెనకనుంచి ఎవరో అరిచారు. నాయనమ్మ కొంగుతో కళ్ళు అదుముకుంటూ, "దాటాడా అమ్మాయ్?" అంది.

"దాటాడు నాయనమ్మా" అంది అక్క.

ఆ వానాకాలం, మిరప నారు పోసే రోజుల్లో తాతయ్య పోయాడు. కర్మలన్నీ అయ్యాక నాయనమ్మ అక్క తల నిమిరింది. "కళ్ళు మండితే చెవులు పోతాయటే? ముసలాయన కేక హాల్లోనే విన్నా. నీ మొహం చూసి ఊరుకున్నా" అంది. అక్క అప్పుడు ఏడ్చింది.

నిన్న ఆ వాగు వచ్చేసరికి అక్క సోఫాలో ఒరిగి నిద్రపోతోంది. ఆఫీసు, ఇల్లు, మోకాళ్ళ నొప్పులు. నాకూ ఓపిక అంతంతమాత్రమే. సేనాపతి కేకకు ఉలిక్కిపడి, కళ్ళు తెరవకుండానే "దాటాడా?" అంది.

"దాటాడక్కా, పడుకో" అని సౌండు తగ్గించాను. కాలం ఎవరినీ ఆ వాగు దాటించదని ఇద్దరికీ తెలుసు. పక్కనున్నవాళ్ళు దాటాడని చెబితే కాసేపు నిద్ర పడుతుంది, అంతే.